టైపు మాస్టారి కోసం ప్రార్థన

ప్రార్థన మందిరం, వెనక గది
సోమవారం సాయంత్రం

అత్తయ్యకి,

వచ్చి పడ్డాను. బస్సు దిగుతుంటే కండక్టరు నా పెట్టె అందిస్తూ "అక్కగారి తాలూకేనా?" అన్నాడు. నేలమీద కాలు పెట్టకముందే నా పేరు పోయింది, నీ తాలూకు మనిషినైపోయాను. పంతొమ్మిదేళ్ళు నువ్వు సువార్త పని చేసిన వీధి. నేనేదో కొత్తగా మొదలుపెడదామని వస్తే ఎక్కడ చూసినా నువ్వే ఉన్నావు.

నువ్వు వెళ్ళి ఎనిమిది నెలలు కదా, గది బూజు పట్టి ఉంటుందనుకున్నాను. తాళం తీస్తే నేల తుడిచి ఉంది, కుండలో నీళ్ళున్నాయి. ఎవరు చేశారంటే ఎవరూ చెప్పరు. కిటికీ రెక్క కొట్టుకోకుండా నువ్వు పెట్టిన ఇటుక ముక్క అలాగే ఉంది. పై అంతస్తులో టైపు ఇన్‌స్టిట్యూట్ బోర్డు ఉంది కానీ చప్పుడు లేదు. చిన్నప్పుడు నువ్వు సెలవులకి ఇంటికొచ్చి చెప్పిన కబుర్లలో సగం ఆ టకటకల గురించే. అది వినబడకపోతే వేరే ఊరు దిగానేమో అనిపించింది.

ఒక్క మాట దాచకుండా చెప్తాను. నాకు భయంగా ఉంది. మొదటి చోట నలభై రోజులు, రెండో చోట మూడు నెలలు. రెండు చోట్ల నుంచీ "కుర్రాడు మంచివాడే, కానీ" అంటూ పెద్ద పాస్టరుగారికి ఉత్తరాలు వెళ్ళాయి. ఈసారి ఆయన సూటిగానే చెప్పారు. "ఓ వారం పది రోజులు చూడు. ఉంటావో, వచ్చేస్తావో నువ్వే రాయి. వచ్చేస్తే మాత్రం మళ్ళీ ఎక్కడికీ పంపను. ఆఫీసులో ఫైళ్ళు సర్దుకుందువు గాని."

సాయంత్రం మూడు గుమ్మాలెక్కాను. "మీకు శుభవార్త తెచ్చానండీ" అన్నాను. మొదటి ఇంట్లో పడుకున్నారు. రెండో ఇంట్లో పడుకున్నట్టు నటించారు. మూడో ఇల్లు దర్జీ ఆవిడది. "ముందు కాళ్ళు తుడుచుకో బాబూ, ఇప్పుడే తుడిచిన గచ్చు" అంది. తుడుచుకుని వచ్చేశాను. ఈ ఉత్తరం బస్సు కండక్టరు చేతికే ఇచ్చి పంపుతున్నాను, త్వరగా అందుతుంది.

ఇట్లు,
నీ మేనల్లుడు

*

విశ్రాంతి గృహం, కిటికీ పక్క మంచం
మంగళవారం

ఒరేయ్ అల్లుడూ,

నాకు కూతురుంటే నీకే ఇచ్చేదాన్ని. పుట్టకుండా బతికిపోయింది.

వచ్చిన రోజే గుమ్మాలెక్కి శుభవార్త అంటావా? వాళ్ళేమన్నా నిన్ను పిలిచారా? ఒక వారం దేవుడి మాట ఎత్తకు. ఆయన ఎక్కడికీ పోడు. ఏదో ఇచ్చి పోవడానికి వచ్చానన్న మొహంతో తిరుగుతున్నావు చూడు, అదీ నీ జబ్బు. అడగడానికి వెళ్ళు. సుత్తి అడుగు, సూది అడుగు, నిచ్చెన అడుగు. ఒకసారి నీకు సాయం చేసిన మనిషి రెండోసారి నిన్ను చూసి మొహం తిప్పుకోలేడు. నా మొదటి వారం నా దగ్గర బకెట్ ఉండి కూడా నాలుగిళ్ళలో బకెట్ అడిగాను. ఆ నాలుగిళ్ళే మొదటి ఆదివారం బెంచీల మీద కూర్చున్నాయి. బకెట్ లేదని అబద్ధమాడలేదు, ఉందని చెప్పలేదంతే.

నా కాలు గురించి అడగలేదేం? తుంటి అతుక్కుంది. కర్ర పట్టుకుని వరండా చివరిదాకా వెళ్ళి వస్తున్నాను. ఇక్కడ మేం పదకొండు మందిమి, అందరం రిటైరైన వాళ్ళమే, అందరం ప్రసంగాలు చేసేవాళ్ళమే, వినేవాళ్ళు ఒక్కరూ లేరు.

ఇప్పుడు అసలు సంగతి. బీరువా పై అరలో నీలం అట్ట నోట్‌బుక్ ఉంటుంది. అందులో ఎవరి కోసం ప్రార్థన చెయ్యాలో పేర్లు రాసి పెట్టాను. చివరి పేజీలో టైపు మాస్టారు. నేను బయల్దేరే నాటికి ఆయనకి పక్షవాతం వచ్చి నెలైంది. కుడి చెయ్యి, కుడి కాలు పనిచేసేవి కావు. ఆయన్ని చూసి దిగుతూనే కదా నేను మెట్ల మీంచి జారింది! నన్ను బండి ఎక్కిస్తుంటే ఆ కిటికీ వైపు చూసి గట్టిగా అరిచి చెప్పాను, "ఏడాది తిరిగేలోపు మీరు మళ్ళీ మిషన్ ముందు కూర్చుంటారు, ఇది నా మాట" అని. అప్పట్నుంచి రోజూ పొద్దున ఏడింటికి ఆయన కోసం మోకరించలేక, మంచం మీద కూర్చునే అడుగుతున్నాను. వీధిలో వాళ్ళంతా నాకు కార్డులు రాస్తారు. ఆయన చెయ్యి ఎంతవరకు వచ్చిందో ఒక్కరూ రాయరు. వెళ్ళి చూసి రాయి. ఇంకేం రాయకపోయినా ఫరవాలేదు.

మీ అత్తయ్య

*

వెనక గది
బుధవారం

అత్తయ్యా,

నీ మంత్రం పారింది! పొద్దున్నే సుత్తి కోసం బేకరీ ఆయన దగ్గరికి వెళ్ళాను. సుత్తి ఇవ్వడమే కాదు, నాకు మేకు కొట్టడం రాదని చూసి తనే వచ్చి కొట్టాడు. దర్జీ ఆవిడ సూదిలో దారం కూడా ఎక్కించి ఇచ్చింది, నా బొత్తాం కూడా తనే కుట్టింది. నిచ్చెన కోసం వెళ్తే ఇద్దరన్నదమ్ములు నిచ్చెన ఎవరిదనే విషయంలో తగువుపడి, చివరికి ఇద్దరూ చెరో వైపు పట్టుకుని తెచ్చారు. నిచ్చెనతో నాకు పనేమీ లేదు. గంటసేపు బల్బు తుడిచాను. నీలం నోట్‌బుక్ దొరికింది. నీ రాత చూడగానే నా రెండో తరగతి గుర్తొచ్చింది. సెలవుల్లో వచ్చినప్పుడల్లా నా పలక మీద అక్షరాలు దిద్దించేదానివి, గీత వంకరైతే నెత్తిన మొట్టేదానివి.

మాస్టారి ఇంటికి వెళ్ళాను. మెట్ల పైన వాళ్ళావిడ ఎదురొచ్చింది. చిన్న మనిషి, నెరిసిన జుట్టు, చేతిలో తడిగుడ్డ. అక్కగారి మేనల్లుణ్ణని చెప్తే నన్ను చాలాసేపు చూసింది. "ముక్కు ఆవిడదే" అంది. మాస్టార్ని చూడొచ్చా అంటే "ఇప్పుడు కుదరదు బాబూ. ఆదివారం నేనే కిందికొస్తాను" అంది. బేకరీ ఆయన్ని అడిగితే పొయ్యిలో ఏదో మాడుతోందంటూ లోపలికి పోయాడు. మాడిన వాసన మాత్రం రాలేదు.

ఆదివారం తర్వాత పైకెళ్ళి చూసి రాస్తాను.

నీ అల్లుడు

*

విశ్రాంతి గృహం
గురువారం

ఒరేయ్ అల్లుడూ,

నిచ్చెన సంగతి చదివి నేను నవ్వుతుంటే పక్క మంచం ఆవిడ నర్సుని పిలిచింది.

మాస్టారు పడుకుని ఉంటారు, అందుకే కుదరదని ఉంటుంది. ఆయనకి తను మంచం మీద ఉండగా కొత్తవాళ్ళు చూడడం ఇష్టముండదు. ఎంత పంతం మనిషో నీకు తెలీదు. నేను అక్కడ పెట్టిన మొదటి ఆదివారం కూటం సరిగ్గా ఆయన పరీక్షల బ్యాచి టైములో పడింది. నేను కింద "ప్రార్థన చేద్దాం" అనగానే పైన ఇరవై మిషన్లు ఒక్కసారి మొదలయ్యాయి. పైకెళ్ళి అడిగాను. "మీరు దేవుడితో మాట్లాడుతున్నారు, ఆయనకి చెవుడు లేదు కదా" అన్నారు. మరుసటి వారం మా వాళ్ళందరి చేతా గొంతెత్తి పాడించాను. కిందికొచ్చి "నా పిల్లలు మీ పాట తాళానికి కొడుతున్నారు, స్పీడు తగ్గిపోయింది" అని గొడవ. రెండేళ్ళు అలా కొట్టుకున్నాం.

మూడో ఏడు నేను పెద్దాఫీసుకి పంపాల్సిన రిపోర్టు చేత్తో రాస్తుంటే చూసి లాక్కుపోయారు. "ఇలాంటి రాత పంపితే ఈ వీధి పరువేం కాను" అని టైపు కొట్టి తెచ్చారు. అప్పట్నుంచి నేనున్నంతకాలం ప్రతి నెలా ఆయనే. దేవుణ్ణి ఒక్కరోజూ నమ్మలేదు. నా రిపోర్టులో మాత్రం దేవుడి పేరు వచ్చిన ప్రతిచోటా రిబ్బన్ ఎరుపుకి మార్చి కొట్టేవారు. ఎందుకండీ అంటే "మీ యజమాని కదా, కనబడాలి" అనేవారు.

ఆ మెట్ల మీద ఆయన, వాళ్ళావిడ, నేను కూర్చుని సాయంత్రాలు ఎన్ని గడిపామో. ఏం మాట్లాడుకున్నామంటే ఒక్కటీ గుర్తులేదు. అక్కడికి మళ్ళీ వెళ్ళాలని ఎంతుందో నీకెలా చెప్పను?

ఆదివారం ప్రార్థనలో నోట్‌బుక్‌లో పేర్లన్నీ పైకి చదువు. రాలేని వాళ్ళు ఇళ్ళల్లోంచి వింటారు. మాస్టారి పేరు కాస్త గట్టిగా చదువు, పైకి వినబడాలి.

మీ అత్తయ్య

*

వెనక గది
ఆదివారం

అత్తయ్యకి,

ఆదివారం బాగానే జరిగింది. ఇరవై రెండు మంది వచ్చారు. పేర్లన్నీ చదివాను. అందరూ ఆమేన్ అన్నారు. నా ఒంట్లో అంత బాగాలేదు. ఆలోచించుకుంటే ఈ పని నాకు సరిపడదనిపించింది. పెద్ద పాస్టరుగారికి ఉత్తరం రాసి పెట్టాను, బుధవారం సాయంత్రం బస్సుకి వచ్చేస్తాను.

నీ అల్లుడు

*

విశ్రాంతి గృహం
సోమవారం

ఒరేయ్,

ఏడేళ్ళప్పుడు నా గొడుగు విరగ్గొట్టి, నేను అడక్కముందే ఎదురొచ్చి "గొడుగు బాగానే ఉందత్తయ్యా" అన్నావు. ఇప్పుడూ అంతే. ఆదివారం బాగానే జరిగిందట! ఇరవై రెండు మంది వస్తే పెట్టె సర్దుకునే సువార్తికుణ్ణి నా జన్మలో చూడలేదు. నాకు మొదటి ఆదివారం వచ్చింది తొమ్మిది మంది, అందులో ఒకాయన దారి తప్పి వచ్చాడు.

మాస్టారి గురించి ఒక్క ముక్క లేదు. వారం నుంచి నేను అడుగుతున్నది అదొక్కటే అని తెలిసి కూడా.

ఏం జరిగిందో రాయి. ఎంత చెడ్డదైనా సరే. నేను ముసలిదాన్నయ్యాను కానీ మట్టిబొమ్మని కాలేదు.

అత్తయ్య

*

వెనక గది
మంగళవారం పొద్దున

అత్తయ్యా,

రాస్తున్నాను. కూర్చుని చదువు.

ఆదివారం నువ్వు చెప్పినట్టే చేశాను. మాస్టారి పేరు దగ్గరికొచ్చేసరికి నాకు ఉత్సాహం వచ్చింది. నువ్వు రాసినవన్నీ కళ్ళముందున్నాయి కదా. పైకి వినబడాలని గొంతెత్తి, "ప్రభువా, మా మాస్టారి కుడి చేతికి బలమియ్యి, ఆయన త్వరలోనే మెట్లు దిగి మా మధ్య కూర్చునేలా చెయ్యి" అన్నాను. అందరి తలలూ ఒకే వైపు తిరిగాయి. తర్వాత మూడో బెంచీలోంచి వాళ్ళావిడ ఆమేన్ అంది. ఆ వెంటనే అందరూ అన్నారు, గోడలు అదిరేలా. నేను పొంగిపోయాను. నా ప్రార్థనకి ఇంతవరకు ఎక్కడా అంత పెద్ద ఆమేన్ రాలేదు.

అయిపోగానే ఆవిడకంటే ముందు మెట్లెక్కాను. తలుపు తీసే ఉంది. ఇరవై మిషన్ల మీదా గుడ్డలు కప్పి ఉన్నాయి. కిటికీ పక్కన మంచం ఉంది. మంచం మీద పరుపు లేదు.

ఆవిడ వెనకనుంచి వచ్చి కుర్చీ లాగింది. "కూర్చో బాబూ. మీ అత్తయ్య వెళ్ళిన పదకొండో రోజు పోయారు" అంది.

ఎనిమిది నెలలు, అత్తయ్యా. వీధి వీధంతా నీకు చెప్పకూడదని ఒట్టు పెట్టుకున్నారు. మొదట నీకు ఆపరేషనని ఆపారు. ఆ తర్వాత, రోజూ ఏడింటికి ఆయన కోసం ప్రార్థన చేస్తున్నానని నువ్వు బేకరీ ఆయనకి కార్డు రాశావట. ఆ కార్డు ఆవిడ చదివింది. ఇక ఎవర్నీ చెప్పనివ్వలేదు. నేను ఎందుకండీ అని అడిగితే ఏమందో అలాగే రాస్తున్నాను: "ఇక్కడ అందరికీ ఆయన పోయిన మనిషే బాబూ. అక్కడ ఒక్కావిడకి మాత్రం ఇంకా బతికున్నారు, రోజురోజుకీ కోలుకుంటున్నారు. ఆ ఒక్కటీ నేనెందుకు చెడగొట్టుకోను? నువ్వూ చెప్పకు. నాకు మాటియ్యి."

నేను మాటివ్వలేదు. ఇవ్వనని కూడా అనలేదు. తల దించుకుని వచ్చేశాను. చచ్చిపోయిన మనిషిని లేపమని ఆయన భార్య ఎదురుగా గొంతు చించుకున్న వాణ్ణి, ఏ మొహం పెట్టుకుని ఈ వీధిలో తిరగను? నీకు అబద్ధం రాస్తూ ఉండలేను. నిజం రాస్తే ఆవిడకి మిగిలిన ఆ ఒక్కటీ పోతుంది. అందుకే పారిపోదామనుకున్నాను. నువ్వు పారిపోనివ్వలేదు.

నన్ను క్షమించు.

*

విశ్రాంతి గృహం
మంగళవారం, సాయంత్రం బస్సుకి ముందు

నాయనా,

నీ ఉత్తరం పన్నెండింటికి అందింది. అప్పట్నుంచి ఏడుస్తున్నాను. ఇప్పుడు కూడా అక్షరాలు సరిగ్గా కనబడడం లేదు.

ఎనిమిది నెలలు ఆ మనిషి చెయ్యి బాగుచెయ్యమని దేవుణ్ణి సతాయించాను. ఆయనా మీ వీధివాళ్ళలాగే నాకు చెప్పకుండా ఊరుకున్నాడు. కోపం వచ్చింది. తర్వాత, వినీ వినీ ఆయనకి మాత్రం ఎంత కష్టమనిపించిందో అనుకున్నాను.

తప్పు నీది కాదురా, నాది. రోగి మంచంలో ఉంటే మనం చెయ్యగలిగింది పక్కన కూర్చోవడం. నేను మాటిచ్చాను. లేస్తారని నాకెవరు చెప్పారు? వదిలి వెళ్ళలేక, వెళ్ళక తప్పక, ఏదో ఒకటి చేతిలో పెట్టి వెళ్ళాలని అలా అరిచాను. ఆ మాట బరువు ఆవిడ ఎనిమిది నెలలు మోసింది.

నువ్వు చెయ్యాల్సింది ఇదీ. ఈ ఉత్తరం తీసుకుని పైకి వెళ్ళు. నాకు తెలిసిపోయిందని, నేను అడిగితే నువ్వు చెప్పావని నీ నోటితో చెప్పు. తిడితే పడు. ఏడిస్తే ఏడవనీ. ప్రార్థన చెయ్యకు, వాక్యాలు చెప్పకు. పొమ్మనేదాకా అక్కడే ఉండు. ఆ తర్వాత బస్సెక్కుతావో మానతావో నీ ఇష్టం, నేనేమీ అనను. నువ్వు ఆఫీసులో ఫైళ్ళు సర్దుకున్నా నా అల్లుడివే.

అత్తయ్య

*

టైపు ఇన్‌స్టిట్యూట్, పై అంతస్తు
శుక్రవారం

అక్కగారికి నమస్కారాలు.

ఇది నేనే మిషన్ మీద కొడుతున్నాను. ఆయన పోయాక గుడ్డ తీసింది ఈ వారమే. ఆయన ముప్ఫై ఏళ్ళు ఊరందరికీ నేర్పారు కానీ నాకు నేర్పడానికి ఓపికలేక సగంలో వదిలేశారు. కాబట్టి నెమ్మదిగా కొడుతున్నాను.

మొన్న పొద్దున్నే మీ అబ్బాయి మీ ఉత్తరం పట్టుకుని వచ్చాడు. విషయం చెప్పాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. "నిన్ను నమ్మి చెప్పాను, అంతా చెడగొట్టావు పో" అని తలుపేసుకున్నాను. మధ్యాహ్నం తీసి చూస్తే మెట్ల మీదే కూర్చుని ఉన్నాడు. ప్రార్థన చేస్తున్నాడేమోనని చూశాను, లేదు. ఊరికే కూర్చున్నాడు, మొహం పీక్కుపోయి. ఏమైనా తిన్నావా అంటే తల అడ్డంగా ఊపాడు. బేకరీ ఆయన ఒకసారి, దర్జీ ఆవిడ ఒకసారి తెచ్చి పెట్టబోతే, నేను లోపలికి పిలిచేదాకా తిననన్నాడట. మీ వంశంలో అందరికీ ఈ మొండితనం ఉందా? లోపలికి రమ్మని పెట్టాను. తింటూ ఏడ్చాడు. నేను ఏడవలేదు.

మీరు అడుగుతూనే ఉన్నారు కదా, ఇప్పుడు చెప్తున్నాను వినండి. మీరు వెళ్ళిన రోజు కిటికీలోంచి మీ మాట ఆయనకి వినబడింది. నవ్వారు. మూతి ఒక పక్కకే వచ్చేది కదా, సగం నవ్వు. "మీరు కోలుకుంటారని అంత గట్టిగా ఎలా చెప్పింది ఆవిడ" అని నేనంటే, ముద్దముద్దగా, "ఆవిడకి వైద్యమూ రాదు, టైపూ రాదు. మనిషిని వదిలి వెళ్ళడం అంతకంటే రాదు. అందుకే అరిచింది. తప్పుపట్టకు" అన్నారు. కాబట్టి మీరు ఆ మాట గురించి కుమిలిపోకండి. ఆయన దాన్ని నమ్మలేదు. కానీ సంతోషించారు.

తర్వాత పది రోజులు మామూలుగానే గడిచాయి. పదకొండో రోజు మధ్యాహ్నం నీళ్ళడిగారు. గ్లాసు తెచ్చేసరికి లేరు. అంతే అక్కగారూ. చెప్పడానికి ఇంకేమీ లేదు. ఈ రెండు ముక్కలు మీకు రాయడానికి నాకు ఎనిమిది నెలలు పట్టింది.

మీ అబ్బాయి వెళ్ళిపోవడం లేదు. బుధవారం పెట్టె కట్టుకుని ఉన్నాడని తెలిసి, నిచ్చెన అన్నదమ్ములిద్దరూ దాన్ని ఎత్తుకొచ్చి మా అటక మీద పెట్టారు. నిచ్చెన వాళ్ళ దగ్గరే ఉంది, కావాలన్నా దించుకోలేడు. పెద్ద పాస్టరుగారికి రాసిన కాగితం నా ముందే చింపేశాడు. ఉంటున్నానని ఇంకోటి రాస్తే, ఆ రాత చూడలేక నేనే టైపు కొట్టి పంపాను.

ఒక సంగతి అడగాలనే ఇంతదూరం టైపు కొట్టుకుంటూ వచ్చాను. మీరు మంగళవారం మధ్యాహ్నమంతా ఏడ్చారని మీ ఉత్తరంలో ఉంది. నేను ఇంకా ఏడవలేదు. నేను బాధపడతానని వీధిలో వాళ్ళు నా ముందు మామూలుగా ఉంటున్నారు. వాళ్ళు బాధపడతారని నేనూ మామూలుగా ఉంటున్నాను. మీరొక్కరు ఉంటే ఈపాటికి ఇద్దరం కూర్చుని ఏడ్చేసేవాళ్ళం, మధ్యలో ఆయన్ని రెండు తిట్టుకునేవాళ్ళం కూడా.

కాలు కాస్త కుదుటపడగానే రండి. మీ మేనల్లుడు బస్సు దగ్గరికి వస్తాడు. మెట్లెక్కే పని పెట్టుకోకండి, నేనే కిందికి దిగి వస్తాను.